ఆఖరి రీలు మీద దురాయి

సినిమా ముగింపు ముందే చెప్పేస్తే ఎవరైనా మహా అయితే నాలుగు తిట్లు తిడతారు. మా సముద్రపు ఒడ్డున ఒకప్పుడు అలా చెప్పిన ఇంటి పడవ వారం రోజులు నీళ్ళలో దిగకూడదని తీర్మానం చేశారు. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ తీర్మానం నా ప్రాణం తీసినంత పని చేసింది, కాబట్టి నాకు బాగా గుర్తు.

అరవైల మొదట్లో మాట. నేను పురిటికి పుట్టింటికి వచ్చాను. అత్తగారిల్లు చిట్టమూరు వైపు, పుట్టిల్లు ఇందుకూరుపేట దాటి సముద్రం దిక్కుగా పోతే వచ్చే వరి పొలాల ఊరు. మా ఊరికీ ఒడ్డునున్న చేపలవాళ్ళ పాలేనికీ మధ్య రెండు మైళ్ళ ఇసక బాట. అంతకు ముందు ఏడాది నాకు ఐదో నెలలోనే కడుపు పోయింది. అందుకని ఈసారి మా అమ్మ నన్ను గాజు సామానులా చూసుకునేది. గడప దాటితే అరుపు, మెట్టు దిగితే అరుపు. పొద్దు వాలితే ఇక వాకిట్లోకి కూడా రానిచ్చేది కాదు, గాలి సోకుతుందని. తొమ్మిదో నెల వచ్చేసరికి నాకు ఇంటి వాసాలు ఎన్నో, ఏ వాసానికి ఎన్ని పగుళ్ళో కంఠతా వచ్చేశాయి.

మాకు రోజూ చేపలు తెచ్చే అక్క పాలెం నుంచే వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. గంప దించగానే ముందు నా పొట్ట వంక చూసి, తరవాతే చేపలు చూపించేది. నా కడుపు పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన వాళ్ళంతా ఏదో ఒకటి మాట్లాడారు గానీ, ఆమె మాత్రం ఒక్క మాటా అనకుండా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నా పక్కన కూర్చుని లేచి వెళ్ళింది. ఆ రోజు అమ్ముడుపోని చేపలు మా ఇంటి వెనకే పిల్లుల పాలయ్యాయి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తరవాత నేను ఆమెతో చాలా అన్యాయంగా మాట్లాడాను.

కోతల కాలంలో పాలెం పక్కన ఇసక దిబ్బ మీద డేరా సినిమా దిగింది. పాత గుడ్డల గుడారం, ఒక ఇంజను, ఒకే ఒక్క మిషను. అప్పటిదాకా డేరాలో వచ్చినవి దేవుళ్ళ కథలు, లేదంటే అత్తాకోడళ్ళ ఏడుపులు. ఇది అలాంటిది కాదని ఆ అక్కే మోసుకొచ్చింది. ఎవరినో ఎత్తుకుపోతారట, కుర్చీకి కట్టేసి అడుగుతారట, చూసేవాళ్ళకు చెమటలు పడతాయట. పంచిన కాగితం మీద, ముగింపు దయచేసి ఎవరికీ చెప్పవద్దని పెద్ద అక్షరాలతో వేశారు. ఇక నేను ఊరుకుంటానా? మూడు రోజులు అన్నం మీద అలిగాను. కడుపుతో ఉన్న పిల్ల కోరిక కాదనకూడదని మా పెద్దమ్మ అడ్డుపడితే, మా అమ్మ పళ్ళు కొరుకుతూ ఒప్పుకుంది.

బండిలో రెండు మోపులు గడ్డి పరిపించి, మంత్రసానిని కూడా ఎక్కించి, మొత్తం ఎనిమిది మంది ఆడవాళ్ళం మొదటి ఆటకు బయలుదేరాం. డేరాలో అలవాటుగా ఎవరి ఇసక వాళ్ళు కుప్ప చేసుకుని దాని మీద కూర్చున్నాం. ముందు వాళ్ళ కుప్ప ఎత్తయితే వెనక వాళ్ళు ఇంకాస్త ఎత్తు చేసుకుంటారు. బొమ్మ మొదలయ్యేసరికి ఆడవాళ్ళ వైపంతా గుట్టలు గుట్టలుగా తయారైంది. మా పెద్దమ్మ అన్నిటికన్నా ఎత్తున కూర్చుని, వెనక వాళ్ళ తిట్లు వింటూ హాయిగా ఆకు నమిలింది.

కథ ఇదీ. ఒక మిల్లు యజమాని కూతురు, నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్లను ఎత్తుకుపోవడానికి నలుగురు రౌడీలు వస్తారు. పిల్లను పెంచే ఆయా ముందే పసిగట్టి, పిల్లను తీసుకుపోయి పాడుబడ్డ కళ్ళంలో ఒక గాదెలో దాచి, "నేను వచ్చేదాకా కదలద్దు, మాట్లాడద్దు" అని మూత పెడుతుంది. తిరిగి వస్తుంటే ఆయా దొరికిపోతుంది. కుర్చీకి కడతారు. నెత్తి మీద ఒక్క దీపం. రౌడీల పెద్ద నిదానంగా బీడీ కాలుస్తూ అడుగుతాడు. పిల్ల ఎక్కడ? చెబితే పిల్లను పట్టుకుపోతారు. చెప్పకపోతే గాదెలో పిల్ల ఆకలితో, ఊపిరాడక ఏమవుతుందో! ఆయా రాకపోతే ఆ పిల్ల అక్కడుందని లోకంలో ఇంకెవరికీ తెలియదు, కన్నతల్లికి కూడా.

మామూలుగా మా వాళ్ళు సినిమా చూస్తూ నోరు మూసుకునే రకం కాదు. వెనక నుంచి ఎవరైనా కత్తి ఎత్తితే "వెనక్కి తిరుగు నాయనా!" అని డేరా అదిరేలా అరుస్తారు. ఆ రోజు మాత్రం ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. ఎందుకంటే పిల్ల ఎక్కడుందో మా అందరికీ తెలుసు, ఆ రౌడీకి తెలియదు. అరిస్తే వాడికి వినిపిస్తుంది! దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకుని దగ్గారు. పాలెం పసిది ఒకతి, మూడేళ్ళు ఉంటాయేమో, ఉన్నట్టుండి గట్టిగా, "పాప గాదెలో ఉండాది గదా, అవ్వా!" అనేసింది. వాళ్ళ అవ్వ గబుక్కున దాని నోరు మూసి, "అరవబాకే ముదనష్టపుదానా, వాడికి ఇనపడతాది!" అని గుసగుసగా కసిరింది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా, నిజం చెప్పొద్దూ, వాడు విన్నాడేమోనని రౌడీ మొహం వంకే చూశాను.

ఒకటే మిషను కనుక రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆపి దీపాలు వెలిగించేవారు. అప్పుడు బిగపట్టిన నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకునేవి. ఆడవాళ్ళ వైపు రెండు ముఠాలుగా చీలిపోయింది. "చెప్పేస్తే పోలా, బిడ్డ పానమన్నా మిగలతాది" అని ఒకరు. "చెప్పిందా, అయిపోయిందే. ఆ నా కొడుకులు వదలతారా?" అని ఇంకొకరు. మా పెద్దమ్మ చెప్పమనే ముఠా, మంత్రసాని చెప్పొద్దనే ముఠా. ఒకరి ఇసక కుప్పను ఒకరు కాలితో తన్నుకునేదాకా వచ్చింది. మళ్ళీ దీపం ఆరగానే అందరూ చప్పున మూగనోము పట్టేవారు.

ఆఖరి రీలుకు ముందు, రౌడీ బీడీ పారేసి లేచి, ఆయా జుట్టు పట్టుకున్నాడు. ఆయా పెదవి కదిలింది. ఏదో చెప్పబోతోంది. అటుపక్క గాదెలో పిల్ల చెయ్యి లోపలి నుంచి మూతను నెడుతోంది. అంతే, నా నోట్లోంచి ఒక కేక వచ్చింది. కేకతో పాటే నడుములో కలుక్కుమంది, పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. అదే క్షణంలో రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. మంత్రసాని నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "లెయ్యండి, బండి కట్టమనండి" అంది. నేను వెళ్ళనని ఏడ్చాను. మా అమ్మ నా రెక్క పట్టుకుని లేపింది. బండి ఒక్కటే కాబట్టి మిగతా ఏడుగురూ లేవక తప్పలేదు.

దారిలో సగం దూరంలోనే నొప్పులు మాయమయ్యాయి. దొంగ నొప్పులని తేలాక మా పెద్దమ్మ ఆగలేక, "ఇంకొక్క రీలు ఓర్చుకోలేకపొయినావా మే!" అనేసింది. మా అమ్మ మాత్రం, "నాకేం, అది బొమ్మే గదా, ఏమయితే ఏంది" అంది. అంది గానీ ఇంటికి వెళ్ళి పడుకున్నాక రెండుసార్లు లేచి వడ్ల గాదె మూత తీసి చూసింది.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటే ధ్యాస. పిల్ల బయటికి వచ్చిందా లేదా? అది సినిమా అని నాకు తెలియక కాదు. కానీ కళ్ళు మూస్తే మూత నెట్టే ఆ చిన్న చెయ్యే కనిపించేది. అదే వేళకి నా కడుపులో బిడ్డ తన్నేది. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని, భయపడ్డాను. చాలా భయపడ్డాను. ఆ పిల్ల బతికితే నా బిడ్డ బతుకుతుందని ఎలా ముడి పెట్టుకున్నానో తెలియదు గానీ ముడి పడిపోయింది. ఈ మాట సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారి చేపల అక్క గంప దించీ దించకముందే అడిగాను. ఆమె మొదటి రోజే ఆట మొత్తం చూసేసింది. నా ప్రశ్న వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దురాయి పడింది అమ్మణ్ణీ" అంది.

పాలెంలో పెద్దలు కూర్చుని చేసే కట్టుబాటును దురాయి అంటారు. వేట ఏ రోజు మానాలో, వల ఎక్కడ వెయ్యకూడదో అన్నీ దురాయితోనే జరుగుతాయి. మీరితే పోలీసు అక్కర్లేదు, పాలెమే చూసుకుంటుంది. సంగతేమిటంటే, మొదటి ఆట చూసినవాళ్ళు ఒడ్డుకు పోయి, అప్పుడే వేట నుంచి దిగుతున్న మగవాళ్ళకు ముగింపు చెప్పేశారట. నాలుగు రోజులు నీళ్ళ మీద ఉండి, సినిమా కోసం ఆశగా వచ్చినవాళ్ళకు ఒళ్ళు మండి తెడ్లు ఎత్తారట. దాంతో పెద్దకాపు, అంటే పాలెం పెద్ద, సభ పెట్టి, డేరా ఎత్తేదాకా ఎవరూ ఎవరికీ ఆఖరి రీలు చెప్పకూడదని దురాయి వేసి చాటింపు వేయించాడట. కాగితం మీద డేరావాళ్ళు మర్యాదకు రాసిన మాటను మా పాలెం వాళ్ళు చట్టం చేసి కూర్చున్నారు.

మా ఊరి వాళ్ళకు దురాయి లేదు గానీ, మా ఊరిలో ముగింపు చూసినవాళ్ళూ లేరు. అందరూ కోతల్లో ఉన్నారు. చివరికి మా చిన్నాయన్ని బతిమాలి పంపాను. పొద్దంతా కోత కోసి, అలాగే ఆటకు పోయాడు పాపం. మర్నాడు ఎనిమిది మంది ఆడవాళ్ళం ఆయన చుట్టూ చేరాం. ఆయన తల గోక్కుంటూ, "ఎవురినో కట్టేసినారమ్మా. మళ్ళ చూస్తే ఎవురో విప్పినారు. నడాన ఏం జరిగిందో నాకు తెలీదు, రవ్వంత కన్ను మూతపడింది" అన్నాడు. కట్టింది ఎవరిని, విప్పింది ఎవరినని మా పెద్దమ్మ నిలదీస్తే, "యాడో ఒక దీపం మాత్రం ఉండాది" అన్నాడు. ఆ పూట మా పెద్దమ్మ ఆయనకు కూర వడ్డించలేదు.

ఇక మిగిలింది చేపల అక్కే. మర్నాడు ఆమెను పెరట్లో కూర్చోబెట్టి చుట్టూ తిరిగి అడిగాను. సూటిగా అడిగితే చెప్పదని అడ్డదారులు తొక్కాను.

"సరే, ముగింపు చెప్పొద్దు. ఆట అయిపోయినాక నీకు కూడు సయించిందా, లేదా? అది చెప్పు."

"అమ్మణ్ణీ, అడగబాక."

"మీ అత్త ఏడ్చిందా, నవ్విందా?"

"మా అత్త అన్నిటికీ ఏడస్తాది."

"తల ఊపు చాలు. పిల్ల బతికిందా?"

ఆమె తల రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, పొరపాటున ఊగుతుందేమోనని. "నన్ను కుర్చీకి కట్టేసినా చెప్పలేనమ్మా. మా ఆయన పడవ ఆగిపోతాది. వారం దినాలు పొయ్యి వెలగదు" అంది. ఆ క్షణంలో నేను అచ్చం ఆ బీడీ రౌడీలాగే నిలబడి ఉన్నానని నాకు తట్టలేదు. కోపం నెత్తికెక్కింది. "అయితే రేపట్నుంచి మా గడప తొక్కబాక. నీ చేపలూ వద్దు, నువ్వూ వద్దు" అన్నాను. ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం రోజుల తిండి పోతుందని ఆమె అంటే, నేను గడప తొక్కొద్దన్నాను. ఎవరికి ఏం చేసిందని? నా పక్కన ఒక పూటంతా మాట్లాడకుండా కూర్చున్న మనిషి. మా అమ్మ ఇంటి చుట్టుపక్కల తిరిగే పిల్లులను చూసి, "ఇవి కూడా అడగతా ఉండాయి, ఆమె ఏదని" అంది. నేను దుప్పటి కప్పుకుని ఏడ్చాను. మూడో రోజూ అంతే.

నాలుగో రోజు పొద్దున్నే అక్క వచ్చింది. నెత్తిన గంప లేదు. ఆయాసపడుతూ మా అమ్మతో, "అమ్మా, బండి కట్టించండి. పెద్దకాపు పిలస్తా ఉండాడు. పగలే ఆట" అంది. నా వంక చూడలేదు.

ఏం చేసిందంటే, నా ఏడుపు సంగతి ఎవరి నోటో విని, తిన్నగా పెద్దకాపు దగ్గరికి పోయి కూర్చుందట. కడుపుతో ఉన్న పిల్ల అన్నం మాని ఏడుస్తోందని చెప్పిందట. ఆయన గడ్డం నిమురుకుని, "దురాయి ఎత్తేదానికి లేదు. అయితే కడుపుతో ఉండే బిడ్డ అడిగిందాన్ని కాదంటే గంగమ్మ ఒప్పదు. చెప్పకూడదు గాబట్టి చూపించేద్దాం" అన్నాడట. ఆ దొంగ నొప్పుల తరవాత పొద్దు వాలాక నన్ను మా అమ్మ గడప దాటనివ్వదు కనుక పగలే చూపించాలి. పగలు ఆ చిరుగుల డేరాలో బొమ్మ ఎలా పడుతుంది? పడదు, వెలుతురులో తెల్లగుడ్డే కనిపిస్తుంది. దానికీ ఆయనే దారి చెప్పాడు. ఒడ్డునున్న పడవల తెరచాపలన్నీ విప్పించాడు.

మేము వెళ్ళేసరికి డేరా కనిపించలేదు. దాని పైనా చుట్టూ, రెండు మూడు వరుసలుగా తెరచాపలు. ఇంకా తాళ్ళు లాగి కడుతున్నారు. ఆ పూట పాలెంలో ఒక్క పడవా వేటకు పోలేదని, తెరచాపలు లేకుండా ఎలా పోతాయని, ఎవరో నవ్వుతూ చెప్పారు. దిగగానే పెద్దకాపు నా దగ్గరికి వచ్చి, "ఈ ఆఖరి ముక్క చూసినాక నీకూ దురాయే తల్లీ, ఒప్పుకుంటావా?" అని అడిగాడు. ఒప్పుకున్నాను. నాతో వచ్చిన మిగతా ఏడుగురూ అంతకంటే ముందే తలలు ఊపేశారు. ఏమయితే ఏందన్న మా అమ్మ అందరికన్నా ముందు లోపలికి వెళ్ళి, నాకు కాక తనకు ఇసక కుప్ప చేసుకుంది.

లోపల చీకటి, ఉప్పు వాసన, ఉక్క. పాలెమంతా అక్కడే ఉంది. ఒకటే వింత, ఎవరూ తెర వైపు తిరిగి కూర్చోలేదు. అందరూ నా వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళంతా ఒకటికి రెండుసార్లు చూసేశారు మరి. ముగింపు తెలియని మనిషి మొహం ఎలా ఉంటుందో చూడ్డానికి వచ్చారు.

మిషను కదిలింది. దీపం కింద ఆయా, ఆమె జుట్టు పట్టుకున్న రౌడీ చెయ్యి. ఆమె పెదవి మళ్ళీ కదిలింది. "ఇప్పుడు చూడండి, ఇప్పుడు చూడండి" అని ఒక అవ్వ ఆగలేక అంటే, నాలుగు పక్కల నుంచి "దురాయి!" అని కసిరారు. గాదె మూత మీదికి కెమెరా పోయింది. నేను పట్టు కోసం ఇసకలో తడుముకుంటుంటే ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. చేపలు కోసి కోసి మొరటుబారిన చెయ్యి. చూడకుండానే ఎవరిదో తెలిసింది. అక్కడి నుంచి ఆట అయిపోయేదాకా ఆ చెయ్యి విడవలేదు.

దీపాలు వెలిగాక నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డేరా అంతా ఒక్కసారి ఊపిరి వదిలి చప్పట్లు కొట్టింది, సినిమాకు కాదు, నాకు. పసిపిల్లలు ఈలలు వేశారు. మా పెద్దమ్మా మంత్రసానీ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, ఉప్పు గాలి పడదు నాకు, అంది. నేను అక్క చెయ్యి పట్టుకునే, "రేపు చేపలు తీసకరా" అన్నాను.

మూడో రోజున నాకు ఆడపిల్ల పుట్టింది. గట్టి గొంతు. అక్క పాలు పడాలని పాలసొర చేప తెచ్చి తనే పులుసు కాచింది. ఆ తరవాత నెల రోజులూ మేమిద్దరం గొడ్ల చావిడి వెనక కూర్చుని ఆఖరి రీలు గురించి ఒకటే గుసగుసలు. అన్ని రోజులు ఆమె కడుపులో దాచుకున్నదంతా అప్పుడు కక్కింది. మా అత్తగారు బిడ్డను చూడ్డానికి వచ్చి, ఏమిటా రహస్యాలని అడిగితే ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం. ఆవిడ చాలాకాలం అది తన మీద చాడీలే అనుకుంది. నా కూతురు పెద్దదై ఎన్నోసార్లు అడిగింది. చెప్పలేదు. మీకూ చెప్పను. డేరా ఎత్తేదాకానే దురాయి అని మీరంటారు. పెద్దకాపుతో నా ఒప్పందం వేరే. ఆయన నాతో "ఎత్తేదాకా" అనలేదు.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఒకరోజు పులుసు గిన్నె కడుగుతూ ఉంటే అక్కను అడిగాను, ఆ మూడు రోజులూ నా మాటకు కోపం వచ్చే కదా రాలేదు అని. ఆమె గిన్నె బోర్లించి, నా వంక చూడకుండానే చెప్పింది.

"కోపమా? నువ్వు ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేసేదాన్ని అమ్మణ్ణీ. పడవ పొయినా పోనీలే అని నోటిదాకా వచ్చింది. అందుకే నీ ముందరికి రాలేదు."